సెలవు దినమున అలసట ఏల?

సెలవులు సమీపించినంతనే మన అంబత్తూరు తెలుగు కుటుంబములలో ఒకే ప్రశ్న పుట్టుచున్నది: "ఈసారి పిల్లలను ఏ పార్కునకు తీసికొనిపోదము?" సముద్రతీరపు రహదారిలోని వి.జి.పి.కా, పూనమల్లి ఆవలి క్వీన్స్‌ల్యాండునకా అను చర్చయే కాని, అసలు పార్కునకే ఏల పోవలెనని అడుగువారు లేరు. ఆ ప్రశ్నను నేనడుగుచున్నాను.

సెలవు యజమాని పెట్టిన భిక్ష కాదు. 1948 నాటి కర్మాగారముల చట్టము, ఏడాదిలో 240 దినములు పనిచేసిన కార్మికునకు, ప్రతి 20 దినముల శ్రమకు ఒక దినము చొప్పున జీతముతో కూడిన సెలవును నిర్ణయించెను. 1964లో పారిశ్రామికవాడ వెలసిన ఈ యూరివారికి ఆ లెక్క క్రొత్త కాదు. ఇరువది దినముల చెమటకు లభించిన ఆ యొక్క దినమును మనమెట్లు వ్యయము చేయుచున్నాము? తెల్లవారకమునుపే లేచి, సంచులు సర్ది, బస్సులు మారి, టిక్కెట్టునకొక వరుస, రాట్నమునకొక వరుస, భోజనమునకొక వరుస, మరుగుదొడ్డికొక వరుస! మరునాడు పనికి పోవువాడు మునుపటికంటె ఎక్కువ అలసియుండును. దీనికి విశ్రాంతియని పేరు పెట్టుట తగదు. ఇది జీతము లేని ఓవర్‌టైము.

పార్కులు నడుపువారిని నేను నిందింపను. వారిది వ్యాపారము. 1955లో కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ తన డిస్నీల్యాండును తెరచిన పిమ్మట అట్టి వినోదశాలలు లోకమంతట వెలసినవి. వచ్చినవారిని ఒక్క నిమిషమైనను ఊరక కూర్చుండనీయకుండుటయే వాని కిటుకు. ఊరక కూర్చున్నవాడు ఏమియు కొనడు గదా! కాని కుటుంబమునకు కావలసినది ఆ ఊరక కూర్చుండుటయే.

కనుక దీవికి పొండని నా మనవి. అండమానులకో, మాల్దీవులకో పొమ్మనుట లేదు. మన కోనసీమయే ఒక దీవి. ఒకవంక గౌతమి, ఒకవంక వసిష్ఠ, మూడవవంక బంగాళాఖాతము. భీమవరము వరకు రైలున పోయి, పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటినచో దిండి గ్రామము. అచ్చట గోదావరి యొడ్డున, కొబ్బరితోటల నడుమ, రిసార్టులను పేరిట విడుదులు కలవు. నీటిపై తేలు పడవయిండ్లును కలవు. వరదకాలమును, మండువేసవిని తప్పించి, కార్తిక మాఘముల నడుమ పోయినచో హాయిగానుండును. అక్కడ వరుసలో నిలువవలసిన పనియే లేదు.

పిల్లలకు విసుగు పుట్టునందురు. పుట్టును, మొదటిపూట తప్పక పుట్టును. రెండవపూటకు వారే పడవలను లెక్కింతురు, ప్రశ్నలు వేయుదురు. పి.గన్నవరమున వైనతేయ నదిపై అక్విడక్టు కలదు. క్రింద నది, పైన కాలువ! నీటిమీద నీరు నడచుటకంటె పెద్ద వింత ఏ పార్కులోనున్నది? 1909 వరకు జీవించి, ఆకలిగొన్నవారికి అన్నముపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరును ఆ కట్టడము మోయుచున్నది. ఆమె కథ చెప్పుటకు తాతకు అంతకంటె మంచి చోటు దొరకదు. అంతర్వేదిలో వసిష్ఠ సముద్రమున కలియుటయు చూపవచ్చును.

ఖర్చు ఎక్కువ యందురు. ఏటేట పార్కు టిక్కెట్లకు, లోపలి భోజనములకు, బాడుగ బండ్లకు వెచ్చించునది ఒక పుస్తకమున వ్రాసి చూడుడు. ఆ సొమ్మును ఏటేట కూడబెట్టి, మూడేండ్లకొకసారి మూడు దినములు పొండు.

బంధువుల ఊరికే పోవచ్చును గదా, విడిది ఏలయని మరికొందరి ఆక్షేపణ. మన పెద్దలు తరముల క్రిందటనే వలస వచ్చిరి. మనలో పెక్కుమందికి గోదావరి యొడ్డున అత్త లేదు, మేనమామ లేడు. గడప లేనివానికి అద్దెగదియే పుట్టిల్లు.

అసలు నష్టమును ఇప్పుడు చెప్పెదను. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట బడిలో తెలుగునకు చోటు కుంచించినది. ఇక మన భాషకు ఇల్లే దిక్కు. ఇంటిభాష తీరిక మాటలలో బ్రతుకును. పార్కు రొదలో "పద, రా, తిను, దిగు" అను నాలుగు ముక్కలకు దిగజారును. దిండిలో పడవవాడు తెలుగు, కొబ్బరిబోండాలవాడు తెలుగు, గట్టున గోలీలాడు పిల్లవాడు తెలుగు. అవ్వ భాష వంటింటికే చెందినదనుకొన్న మనుమడు, దానిని ఒక దేశమంతయు గొంతెత్తి మాటలాడుట వినును. ఆ వినికిడిని ఏ రాట్నము ఈయగలదు?

మన సంఘమువారు ఇకమీద విహారయాత్ర తలపెట్టినచో పార్కునకు బస్సు మాటలాడక, కోనసీమకు రైలుటిక్కెట్లు తీయవలెను. ఇంటిపెద్దలును అట్లే చేయవలెను. పిల్లలు మనలను ఒకటిరెండు దినములు విసిగింతురు గాక, మనతో మాటలాడుదురు.