నడివయసులో వృక్ష సంరక్షణ వృత్తి: విస్తరణ వ్యవస్థ చేయవలసినది

వృత్తి శిక్షణ అనగానే మన పథకాలన్నీ గ్రామీణ యువత వైపే చూస్తాయి. నలభై ఐదేళ్లు దాటిన వ్యక్తి వచ్చి కొత్త పని నేర్పమంటే పుట్టగొడుగులు, తేనెటీగలు, పెరటి కోళ్లు మినహా చూపడానికి మన వద్ద పెద్దగా ఏమీ ఉండదు. ఆ జాబితాలో వృక్ష సంరక్షణ చేరవలసిన సమయం వచ్చినదని నా అభిప్రాయం. ఈ వృత్తికి నడివయసు అడ్డంకి కాదు. పనిని సరిగా విభజించుకుంటే కొన్ని అంశాలలో అది అనుకూలం కూడా.

అవసరం ఎక్కడ ఉన్నది?

మన ప్రాంతంలో చెట్టును కోసే మనిషి సులభంగా దొరుకుతాడు. చెట్టును చూసుకునే మనిషి దొరకడు. విద్యుత్ తీగలకు అడ్డు వచ్చిన కొమ్మ, ఇంటిమీదకు వాలిన వేప, గుబురెక్కిన మామిడి, అన్నింటికీ గొడ్డలి పట్టిన కూలీయే దిక్కు. చాలాచోట్ల అతనికి కూలికి బదులుగా కలపే ముట్టుతుంది. అంటే ఎంత ఎక్కువ కోస్తే అతనికి అంత లాభం. ఈ లెక్క మారనంతకాలం ఎన్ని సలహాలు ఇచ్చినా చెట్టుకు మేలు జరగదు. 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలని చెబుతున్నది. కొమ్మ కోసే మనిషికి ఉండవలసిన అర్హత మాత్రం మన వద్ద ఇంకా స్థిరపడలేదు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించారు. ప్రసిద్ధ వృక్షం గనుక వైద్యం అందినది. వీధిలోని వేపకు, రైతు తోటలోని ముదురు మామిడికి ఆ భాగ్యం లేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపానులో వేలాది చెట్లు కూలాయి. అంతటి గాలికి అన్ని చెట్లనూ నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. అయితే కాలువ తవ్వకంలో వేర్లు తెగిన చెట్టును, మొదలు చుట్టూ సిమెంటు బిగించిన చెట్టును, తొర్ర లోతెక్కిన చెట్టును తుపానుకు ముందే గుర్తించడం సాధ్యమే.

వయసు తెచ్చే బలం

ఈ వృత్తిలో సగం నేలమీద జరిగే పని. చెట్టును గుర్తించడం, వేరు మండలాన్ని పరిశీలించడం, తెగులును నిర్ధారించడం, ఏ కొమ్మను ఉంచాలో ఏది తీయాలో నిర్ణయించడం, యజమానికి నచ్చజెప్పడం ఇందులోకి వస్తాయి. వీటికి కండబలం కంటే నిదానం ముఖ్యం.

2021లో తెలంగాణలోని అనేక ప్రాంతాలలో వేపచెట్లు కొమ్మల చివరల నుండి ఎండిపోసాగాయి. ఫోమాప్సిస్ శిలీంధ్రం కలిగించే ఎండుతెగులుకు టీ దోమ తోడైనది. చెట్టు చచ్చిందని కొట్టివేయబోయిన వారికి కావలసినది బెరడు గీరి చూసి, లోపల పచ్చదనం ఉంటే ఆగమని చెప్పగల మనిషి. ఎన్నో వేపలు తరువాత తిరిగి చిగురించాయి. ఆగమని ధైర్యంగా చెప్పడం ఇరవై ఏళ్ల కుర్రవాడికంటే, పంటల బాగోగులు పాతికేళ్లు చూసిన రైతుకు సులభం. అతని మాటను ఊరు కూడా వింటుంది.

కోత శాస్త్రాన్ని నేర్చుకోవడానికీ వయసుతో పని లేదు. అమెరికా అటవీ సేవా విభాగానికి చెందిన అలెక్స్ షైగో 1970లలో చూపిన విషయం ఇక్కడ మూలం. చెట్టు తన గాయాన్ని మనిషి చర్మంలా మాన్చుకోదు. దెబ్బతిన్న కణజాలం చుట్టూ గోడ కట్టి కుళ్లును అక్కడే ఆపడానికి ప్రయత్నిస్తుంది. అందువలన కాండానికి ఆనించి చదునుగా కోయడం తప్పు, మోడు మిగల్చడమూ తప్పే. కొమ్మ కాండంతో కలిసేచోట కనిపించే ఉబ్బెత్తు భాగాన్ని వదిలి, దానికి వెలుపలగా కోయాలి. పెద్ద కొమ్మనైతే మొదట కాస్త దూరంలో అడుగునుండి కొంతమేర గంటు పెట్టి, రెండవ కోతతో పైనుండి బరువు దించి, మూడవ కోతను అసలు స్థానంలో వేయాలి. అప్పుడు బెరడు చీలదు.

ముదురు మామిడి తోటల పునరుద్ధరణ మరొక పెద్ద పని. కొమ్మలు కలిసిపోయి నీడ కమ్మిన తోటలో ప్రధాన శాఖలను తగ్గించి కోయడంతో బాధ్యత ముగియదు. కోత ముఖాలకు బోర్డో లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి, చిగుళ్లను పలుచన చేయాలి, కాండం తొలుచు పురుగును కనిపెట్టి ఉండాలి. కాపు తిరిగి అందే వరకు రెండు మూడేళ్లు రైతుకు తోడుగా నిలిచేవాడు కావాలి. ఇది ఒకరోజు కూలీ చేయగల పని కాదు.

ప్రమాదాన్ని దాచరాదు

చెట్టు ఎక్కి గొలుసు రంపం పట్టడం నడివయసులో కొత్తగా మొదలుపెట్టదగిన పని కాదు. మోకాళ్లు, చూపు, రక్తపోటు వయసుతో మారతాయి. తీగల దగ్గర ఒక్క పొరపాటు ప్రాణం తీస్తుంది. వైద్య పరీక్ష, శిరస్త్రాణం, నడుము పట్టీ, విద్యుత్ సిబ్బంది చేత సరఫరా నిలిపివేయించడం, ప్రమాద బీమా తప్పనిసరి నియమాలు కావాలి. ఎక్కే పనిని శిక్షణ పొందిన యువకులకు అప్పగించి, నడివయస్కుడు పరిశీలకుడిగా, నేలమీది బాధ్యుడిగా ఉండాలి.

కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో మొదలుపెట్టిన ‘కొబ్బరి చెట్టు స్నేహితులు’ కార్యక్రమం ఎక్కే పనికి శిక్షణనూ బీమానూ జతచేసినది. తెలంగాణలో గీత కార్మికులకు 2024 నుండి కాటమయ్య రక్షణ కవచం అందుతున్నది. మోకు, ముత్తాదులతో పాతికేళ్లు తాడిచెట్లెక్కిన మనిషికి ఎత్తు కొత్త కాదు. కొమ్మలున్న చెట్టు మెలకువలు నేర్పితే అతను మంచి బోధకుడు కాగలడు. నేడు గొడ్డలితో కొమ్మలు కొట్టే నడివయసు కూలీ కూడా ఈ శిక్షణకు మొదటి అర్హుడే. అతనిని తప్పించి చదువుకున్నవారికి ఈ పని కట్టబెట్టడం మన ఉద్దేశం కాకూడదు.

నమూనా మన ముందే ఉన్నది

రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఎరువులు, పురుగుమందుల డీలర్లకోసం ‘దేశీ’ డిప్లొమాను ప్రారంభించినది. 48 వారాలలో వారానికి ఒక రోజు చొప్పున 40 తరగతులు, 8 క్షేత్ర సందర్శనలు. దుకాణం మూయకుండానే, ఇల్లు నడుపుకుంటూనే చదువుకునే ఏర్పాటు అది. నడివయస్కుడికి కావలసినది సరిగ్గా ఇదే. వారం రోజుల శిక్షణతో ధ్రువపత్రం చేతికిస్తే చెట్టుకూ మనిషికీ కూడా కీడు చేసినవారమవుతాము. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బోరికల్చర్ తన ధ్రువపత్ర పరీక్షకు మూడేళ్ల పని అనుభవాన్ని గాని, తగిన చదువుతో కలిసిన అనుభవాన్ని గాని అడుగుతున్నది.

ఉద్యాన కళాశాలలు, ములుగు అటవీ కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రాలు కలిసి ఇటువంటి ఏడాది కోర్సును రూపొందించవచ్చును. మొదటి బృందంలో 15 మంది చాలు. అభ్యాసానికి మన ప్రాంగణాలలోని చెట్లే ఉన్నాయి. పురపాలక సంఘాలతో చేసుకునే ఒప్పందాలలో కూలిని, కలపను వేరుచేయాలి. పరిశీలనకు విడిగా రుసుము నిర్ణయించాలి. అప్పుడే ఈ వృత్తిని నమ్ముకున్నవారికి జీవనం గడుస్తుంది.

విద్యార్థులు ఈ కోర్సుకు మూల్యాంకనం చేపడితే మంచి పరిశోధనాంశం అవుతుంది. శిక్షణ పొందినవారు వేసిన కోతలను ఏడాది తరువాత వెళ్లి చూడాలి. కోత చుట్టూ కొత్త కణజాలం వలయంగా పెరిగినదా, కుళ్లు లోపలికి పాకినదా, శిక్షణార్థులలో ఎందరు ఇంకా ఆ పనిలో ఉన్నారు, ఎందరు గాయపడ్డారు? ఈ లెక్కలు చేతికి వచ్చిన తరువాతే కోర్సును విస్తరించడం సమంజసం.