మహమ్మద్ సిరాజ్ ఐపీఎల్ ఒప్పందాలు

హైదరాబాదుకు చెందిన ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ 2017 నుండి ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) లో మూడు జట్ల తరఫున ఆడాడు. అతని పారితోషికం 2.6 కోట్ల రూపాయలతో మొదలై 12.25 కోట్లకు చేరింది. ఐపీఎల్‌లో క్రీడాకారుని ధర ఎలా నిర్ణయమవుతుంది, అందులో అతని ఇష్టానికి ఎంతవరకు చోటున్నది అనే విషయాలకు ఈ ఒప్పందాలు మంచి ఉదాహరణ.

వేలం పద్ధతి

అమెరికా ఫుట్‌బాల్‌లో ఒప్పందం ముగిసిన క్వార్టర్‌బ్యాక్ తనకు నచ్చిన జట్టుతో నేరుగా బేరమాడవచ్చు. కర్క్ కజిన్స్‌ను వాషింగ్టన్ జట్టు 2016, 2017లలో ప్రత్యేక నిబంధన ద్వారా ఏడాదికొక ఒప్పందంతో నిలుపుకున్నది. 2018లో స్వేచ్ఛ లభించగానే అతడు మిన్నెసోటా జట్టుతో మూడేళ్ళకు 8.4 కోట్ల డాలర్ల పూర్తి హామీ గల ఒప్పందం చేసుకున్నాడు.

ఐపీఎల్‌లో ఇటువంటి స్వేచ్ఛ లేదు. జట్టు వదులుకున్న క్రీడాకారుడు వేలానికి వెళ్ళవలసిందే. వేలంలో పేరు నమోదు చేసుకోవడం, కనీస ధరను ఎంచుకోవడం మాత్రమే అతని చేతిలో ఉంటాయి. ఏ జట్టు కొన్నా ఆ జట్టుకే ఆడాలి. అట్టిపెట్టుకోవడానికి మాత్రం క్రీడాకారుని అంగీకారం కూడా అవసరం.

తొలి ఒప్పందాలు

సిరాజ్ 1994 మార్చి 13న హైదరాబాదులో జన్మించాడు. తండ్రి ఆటో డ్రైవరు. 2016-17 రంజీ ట్రోఫీలో 41 వికెట్లు తీయడంతో సిరాజ్ వెలుగులోకి వచ్చాడు. 2017 ఫిబ్రవరి వేలంలో 20 లక్షల కనీస ధర గల ఇతనిని సన్‌రైజర్స్ హైదరాబాద్ 2.6 కోట్లకు కొన్నది. ఆ సీజనులో 6 మ్యాచ్‌లలో 10 వికెట్లు తీసినప్పటికీ, 2018 పెద్ద వేలానికి ముందు సొంత ఊరి జట్టు ఇతనిని వదులుకున్నది. ఆ వేలంలో రాయల్ చాలెంజర్స్ బెంగళూరు అదే 2.6 కోట్లకు తీసుకున్నది.

7 కోట్ల ఒప్పందం

2020 అక్టోబరులో కోల్‌కతాపై సిరాజ్ 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్ ఓవర్లు వేసిన తొలి బౌలరుగా నిలిచాడు. 2021 నవంబరులో బెంగళూరు జట్టు విరాట్ కోహ్లి (15 కోట్లు), గ్లెన్ మాక్స్‌వెల్ (11 కోట్లు)లతో పాటు సిరాజ్‌ను 7 కోట్లకు అట్టిపెట్టుకున్నది.

ఈ ఒప్పందం రెండు వైపులా పదునైనది. 2022లో 15 మ్యాచ్‌లలో 9 వికెట్లే తీసినా సిరాజ్ ధర తగ్గలేదు. 2023లో 14 మ్యాచ్‌లలో 19 వికెట్లు తీసినా, అదే ఏడాది వన్డే బౌలర్లలో ప్రపంచ ప్రథమ స్థానం పొందినా ధర పెరగలేదు.

2024 వేలం

2025 సీజనుకు ముందు బెంగళూరు జట్టు కోహ్లి, రజత్ పాటీదార్, యశ్ దయాళ్‌లను మాత్రమే అట్టిపెట్టుకుని 83 కోట్లతో వేలానికి వెళ్ళింది. 2024 నవంబరు 24న జెడ్డాలో జరిగిన వేలంలో సిరాజ్‌ను గుజరాత్ టైటన్స్ 12.25 కోట్లకు కొన్నది. తుది ధరను చెల్లించి పాత ఆటగాణ్ణి తిరిగి పొందే 'రైట్ టు మ్యాచ్' అవకాశాన్ని బెంగళూరు సిరాజ్ విషయంలో వాడుకోలేదు.

జట్టు వదులుకోవడం వల్ల సిరాజ్ పారితోషికం 75 శాతం పెరిగింది. అయితే పెరుగుదలంతా అతని ఆటకే చెందదు. ఒక్కో జట్టు ఖర్చు పరిమితి 2018లో 80 కోట్లు, 2022లో 90 కోట్లు, 2025 సీజనుకు 120 కోట్లు. ఆ పరిమితిలో సిరాజ్ వాటా వరుసగా సుమారు 3.3, 7.8, 10.2 శాతం. అంటే అతని విలువ నిజంగానే పెరిగింది, కాని 2022 తరువాతి పెరుగుదలలో కొంత భాగం పెద్దదైన పరిమితిది.

ఇతర తెలుగు క్రీడాకారులు

అదే సమయంలో ముంబై జట్టు తిలక్ వర్మను 8 కోట్లకు, సన్‌రైజర్స్ జట్టు విశాఖపట్నానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు అట్టిపెట్టుకున్నాయి. వీరి అంతకు ముందరి ధరలు 1.7 కోట్లు, 20 లక్షలు. వేలంలో ఎక్కువ రావచ్చు, రాకపోవచ్చు. అట్టిపెట్టుకుంటే ధర ముందే ఖాయమవుతుంది. 2008లో వి.వి.ఎస్.లక్ష్మణ్ మరొక దారి చూపాడు. జట్టులో అందరికన్నా 15 శాతం ఎక్కువ పారితోషికమిచ్చే 'ఐకాన్' హోదాను వదులుకుని, డెక్కన్ చార్జర్స్‌కు వేలంలో ఎక్కువ సొమ్ము మిగిల్చాడు.

పర్యవసానం

2025 ఏప్రిల్ 2న బెంగళూరులో పాత జట్టుపై సిరాజ్ 19 పరుగులకు 3 వికెట్లు తీసి మ్యాచ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. నాలుగు రోజుల తరువాత ఉప్పల్‌లో తన మొదటి జట్టు సన్‌రైజర్స్‌పై 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. ఇతనిని వదులుకున్న బెంగళూరు ఆ ఏడాది జూన్ 3న తొలిసారి ఐపీఎల్ విజేతగా నిలిచింది. ఏడేళ్ళు ఆడిన జట్టు గెలిచిన ఆ ట్రోఫీలో సిరాజ్‌కు భాగం లేకపోయింది. 2026 సీజనుకు గుజరాత్ ఇతనిని అట్టిపెట్టుకున్నది.