జీడి డబ్బులు చేతికొచ్చాయని కారుకి అల్లాయ్ చక్రాలు వేయించకండి



జీడిపిక్కలు అమ్మేసుకున్నాం. మామిడి కూడా ఆఖరికొచ్చింది. ఏడాదిలో నాలుగు డబ్బులు చేతిలో ఆడేది ఈ రోజుల్లోనే. సరిగ్గా ఇప్పుడే మన కొత్తవలస చుట్టుపక్కల ఊళ్ళలో పాత కార్లకి కొత్తగా మెరిసే చక్రాలు కనిపిస్తాయి. మొన్న టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు నా బండి వంక చూసి, "ఏటి బాబాయ్, ఇంకా ఈ రేకు రిమ్ములేనా? ఎవుడైనా సూస్తే నవ్వుతాడు" అన్నాడు. నవ్వేవాడు నవ్వుకోనీ. కానీ ఆ మాట అడిగింది వాడొక్కడే కాదు కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. పొలానికీ, సంతకీ, ఆసుపత్రికీ ఒకే బండి మీద ఆధారపడే రైతు, కంపెనీ ఇచ్చిన స్టీలు రిమ్ములు ఊడదీసి బయట షాపులో అల్లాయ్‌లు వేయించుకోవడం డబ్బు దండగ. దండగతో పోతే పర్వాలేదు, ప్రాణం మీదకి కూడా వస్తుంది. మా ఇంట్లో వచ్చింది.

రెండేళ్ళ కిందట మా తమ్ముడు ఒక పాత చిన్న కారు కొన్నాడు. 13 అంగుళాల స్టీలు రిమ్ములు, బానే తిరుగుతున్నాయి. వాడికి అవి నచ్చలేదు. ఒక షాపుకెళ్ళి 15 అంగుళాల అల్లాయ్‌లు వేయించాడు. రిమ్ములకి 26 వేలు, వాటికి సరిపడే పల్చటి టైర్లకి ఇంకో 16 వేలు. మొత్తం 42 వేలు, అంటే అయిదు బస్తాల పిక్కల డబ్బు. పాత రిమ్ములు, టైర్లు, నట్లతో సహా షాపువాడే పాత సామాను కింద తీసేసుకున్నాడు. డిక్కీలో స్టెప్నీ మాత్రం పాతదే ఉండిపోయింది.

మూడు నెలలకి ఎస్.కోట రోడ్డులో వాన నీళ్ళు నిండిన గోతిలో ఎడమ ముందు చక్రం దిగింది. దిగి చూస్తే ఏమీ కనబడలేదు. తెల్లారేసరికి గాలి లేదు. పంక్చర్ షాపులో టైరంతా వెతికినా మేకు లేదు, ముల్లు లేదు. ఆఖరికి చక్రాన్ని నీళ్ళ తొట్టిలో ముంచితే రిమ్ము లోపలి అంచు నుంచి బుడగలొచ్చాయి. వెంట్రుకంత పగులు. అమ్మిన షాపుకెళ్తే ఆ డిజైను ఇప్పుడు రావట్లేదు, కావాలంటే నాలుగూ మార్చుకోమన్నారు. మావాడు వెల్డింగు పెట్టించి సర్దుకున్నాడు.

ఆ తర్వాత ఒక రాత్రి అమ్మకి గుండెలో నొప్పి వచ్చింది. విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్తుంటే పెందుర్తి చేరకముందే అదే చక్రం కూర్చుండిపోయింది. స్టెప్నీ తీశాం. అది 13, మిగతావి 15. అదైనా బిగిద్దామంటే అల్లాయ్‌తో ఇచ్చిన నట్లు స్టీలు రిమ్ము మీద సరిగ్గా కూర్చోవట్లేదు. పాత నట్లు షాపులో ఉన్నాయి. చీకట్లో సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నేను, జాకీ కింద తమ్ముడు, వెనక సీట్లో మూలుగుతూ అమ్మ. ఎదురొచ్చిన ఒక ఆటో అతను ఆగి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. అమ్మ బతికింది, ఇప్పుడు బావుంది. ఆ రోడ్డు పక్కన గడిచిన ఇరవై నిమిషాలు మాత్రం మా ఇద్దరికీ మర్చిపోవడం చేతకాదు.

"మీ తమ్ముడు నాసిరకం కొన్నాడు, అల్లాయ్ తప్పేటి?" అంటారు. సరే, మంచి రకమే అనుకుందాం. అసలు ఆ సరుకేంటో చూడండి.

అల్లాయ్ అంటే మిశ్రమ లోహం, అంతే. ఆ మాటకొస్తే స్టీలు కూడా మిశ్రమ లోహమే, ఇనుములో కాస్త కార్బన్ కలిస్తే స్టీలు. చక్రాల షాపులో అల్లాయ్ అని అమ్మేది అల్యూమినియం. అందులో సుమారు 7 శాతం సిలికాన్, చిటికెడు మెగ్నీషియం కలిపి, కరిగించి అచ్చులో పోస్తారు. తర్వాత ఒక లెక్క ప్రకారం వేడి చేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. స్టీలు రిమ్ము అలా కాదు. రేకుని ప్రెస్సులో వంచి, అంచుకీ మధ్య పళ్ళేనికీ వెల్డింగు పెడతారు. గట్టి దెబ్బ తగిలితే స్టీలు ఎక్కువగా సొట్ట పడుతుంది, వంగుతుంది. పోత పోసిన అల్యూమినియం కొంచెం వంగుతుంది, ఇంకా గట్టిగా తగిలితే పగులుతుంది. చిన్న సొట్టయితే మన ఊరి మెకానిక్కే సుత్తితో సరిచేస్తాడు. పగులుకి వెల్డింగు పెడితే ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం గట్టిదనం పోతుంది. మావాడి చక్రానికి జరిగింది అదే.

ఇక షాపువాళ్ళు చెప్పే మాటలు ఒక్కొక్కటీ చూద్దాం.

"అల్లాయ్ తేలిక, మైలేజ్ వస్తుంది." అదే సైజులో అయితే చక్రానికి ఒకటో రెండో కిలోలు తగ్గొచ్చు, నిజమే. కానీ ఎవడూ అదే సైజు వేయించట్లేదు కదా! సైజు పెంచి, వెడల్పు టైరు ఎక్కించాక ఆ తేలికదనం ఎక్కడుంది? వెడల్పు టైరు రోడ్డుని ఎక్కువ పట్టుకుంటుంది, ఇంజన్ ఎక్కువ లాగాలి. మైలేజ్ పెరగడం కాదు, తగ్గుతుంది.

"అల్లాయ్ ఉంటేనే ట్యూబ్‌లెస్." కారు విషయంలో ఇది పచ్చి అబద్ధం. స్టీలు రిమ్ముల మీద ట్యూబ్‌లెస్ టైర్లు ఎన్ని లక్షల కార్లలో తిరుగుతున్నాయో మీ వీధిలోనే చూడండి.

"బ్రేకుల వేడి తొందరగా పోతుంది." అల్యూమినియం వేడిని బాగా లాగుతుంది, ఒప్పుకుంటాను. కానీ అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు మనల్ని కాపాడేది రెండో గేరు. న్యూట్రల్‌లో దిగేవాడిని ఏ చక్రమూ కాపాడదు.

"స్టీలు తుప్పు పడుతుంది." పడుతుంది. యూరియా బస్తాలు, పేడ, బురద అన్నీ మోసే బండికి ఇంకా తొందరగా పడుతుంది. గీకి రంగు వేయించండి, కొన్ని వందలతో పోతుంది. అల్లాయ్‌కి ఏమీ అవదనుకోకండి. టైరు కూర్చునే అంచులో అల్యూమినియం కూడా తినేసి, తెల్లటి పొడి రాలి, గాలి మెల్లగా దిగిపోతుంది.

ఇంకో సంగతి. అల్లాయ్‌లు పెట్టి అమ్మే చాలా కార్లలో కంపెనీవాడే స్టెప్నీగా స్టీలు రిమ్ము పెడతాడు. అత్యవసరంలో ఆదుకోడానికి వాడికే స్టీలు చాలినప్పుడు, మనకి నామోషీ ఎందుకు? మన ట్రాక్టర్‌కి అల్లాయ్ కావాలని ఎవరైనా అడిగారా? దమ్ములో దిగే బండికి ఏం కావాలో మనకి తెలుసు. కారు దగ్గరకొచ్చేసరికే ఆ తెలివి ఎటు పోతుందో!

మా తాతకి ఎడ్లబండి ఉండేది. ఎండాకాలంలో కర్ర ఎండి ఇనప పట్టా వదులైతే చక్రాలు చెరువులో నానబెట్టేవాడు. ఆకు విరిగితే వడ్రంగి, పట్టా పోతే కమ్మరి, ఇద్దరూ ఊళ్ళోనే. చెడిపోతే ఎవరి దగ్గరకెళ్ళాలో తెలిసిన బండినే ఆయన వాడాడు. మనం కూడా ఆ లెక్కే చూసుకోవాలి.

చట్టం సంగతి కూడా వినండి. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకి తేడా పడేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రేపు ఏదైనా జరిగి క్లెయిముకి వెళ్తే, ఇన్సూరెన్స్ వాళ్ళకి దొరికే మొదటి సాకు మీ పెద్ద చక్రాలే కావచ్చు.

అయితే అల్లాయ్ అంటేనే చెడ్డదని నేను అనను. మోటారు సైకిల్ లెక్క వేరు. చువ్వల చక్రానికి మామూలుగా ట్యూబు ఉండాలి, పంక్చరైతే గాలి ఒక్కసారిగా పోతుంది. అల్లాయ్ చక్రానికి ట్యూబ్‌లెస్ వేసుకోవచ్చు, మేకు దిగినా గాలి నెమ్మదిగా దిగుతుంది. రాత్రిపూట డ్యూటీ నుంచి హైవే మీద వచ్చే కుర్రాళ్ళకి అదే మంచిది. పొలం గట్ల మీద గడ్డిమోపులు, పాల క్యాన్లు మోసే మోపెడ్‌కి చువ్వలే మేలు, వదులైతే బిగించి అవుట్ తీయించుకోవచ్చు. అలాగే కారు కంపెనీ నుంచే అల్లాయ్‌లతో వచ్చి ఉంటే వాటినే ఉంచండి. గాలి సరిగ్గా చూసుకోండి, స్టెప్నీకి సరిపడే నట్లు, పానా బండిలో ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి.

మరి చేతిలో డబ్బులుంటే ఏం చేయాలి? టైర్లు చూడండి. టైరు గాడిలో అడ్డంగా చిన్న బొడిపెలుంటాయి, పక్కన టీడబ్ల్యూఐ అని గుర్తు ఉంటుంది. అరుగుదల ఆ బొడిపెల దాకా వచ్చిందంటే గాడి 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, టైరు మార్చాల్సిందే. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అరగకపోయినా పాతబడి పగుళ్ళిస్తే నమ్మకండి. స్టెప్నీలో గాలి కొట్టించండి. అలైన్‌మెంట్ చేయించండి. ఇవన్నీ అయ్యాక కూడా ఆ 42 వేలల్లో ఇంకా చాలా మిగులుతుంది.

వానలు మొదలయ్యాయంటే క్వారీ లారీలు తవ్వేసిన గోతులన్నీ నీళ్ళతో నిండి, ఏది గొయ్యో ఏది రోడ్డో తెలీదు. మా తమ్ముడు ఇప్పుడు మళ్ళీ 13 అంగుళాల స్టీలు రిమ్ములే కొని వేయించుకున్నాడు. పాత సామాన్ల కొట్టులో దొరికాయి, రంగు కూడా సరిగ్గా లేదు. మొన్న టీ కొట్టు కుర్రాడు వాడినీ ఎగతాళి చేశాడు. వాడు నవ్వేసి, "మా అమ్మనడుగు సెప్తాది" అన్నాడు.