ఊపిరిని నడపు కండరము

శరీరశాస్త్ర పరీక్షలో "డయాఫ్రము అనగా నేమి?" అను ప్రశ్నకు మన విద్యార్థులు తడుముకొనక జవాబు వ్రాయుదురు. ఱొమ్మును కడుపును వేఱుచేయు కండరమనియు, తెలుగున ఉదరవితానమనియు వ్రాసి మార్కులు గైకొందురు. కాని "అది నీలో ఇప్పుడేమి చేయుచున్నదో చేయి పెట్టి చూపుము" అని యడిగినచో పెక్కుమంది భుజము లెత్తి ఱొమ్ము విరుచుకొందురు. పేరు తెలిసినది గాని పని తెలియలేదు. కాలువలును చెఱువులును నిండిన మన సీమలో ఈ లోపము ప్రాణములమీదికి రాగలదు గావున, దీనిని దిద్దుకొనుట యవసరమని మా యభిప్రాయము.

ఊపిరి తీయు విధములను నేర్చుకొనుటకు కొల్లేటిగట్టును మించిన పాఠశాల లేదు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సు 2002వ సంవత్సరమున రాంసర్ ఒడంబడిక క్రింద ప్రపంచమున ముఖ్యమైన చిత్తడినేలలలో నొకటిగా గుర్తింపబడినది. ఇచ్చటి చేపలు మొప్పలతో నీటిలోని ప్రాణవాయువును గ్రహించును. కొరమీను దానితో తృప్తిపడక మాటిమాటికి నీటిపైకి వచ్చి గాలి గుటకవేయును. కప్ప గొంతు క్రింది భాగము నాడించుచు గాలిని ఊపిరితిత్తులలోనికి నెట్టును. ఆటపాక చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులకు శరీరమునిండ గాలితిత్తులున్నవి గాని మనవంటి కండరపు ఉదరవితానము లేదు. అది యున్నది ఒడ్డున మేయు గేదెకును, దానిని తోలుకొనిపోవు బాలునికిని. క్షీరదములకు మాత్రమే కలిగిన సొమ్మిది.

దీని పని యెట్టిదో చూతము. ఉదరవితానము బోర్లించిన గిన్నెవలె ఊపిరితిత్తుల క్రింద నుండును. దాని యంచులు క్రింది ప్రక్కటెముకలకును, ఱొమ్ముటెముకకును, వెన్నెముకకును అంటియుండును. అది బిగిసినప్పుడు గిన్నె అడుగు చదునై క్రిందికి దిగును. ఱొమ్ములో చోటు పెరిగి, లోపలి గాలి యొత్తిడి తగ్గి, బయటిగాలి తనంతట లోనికి వచ్చును. కప్ప గాలిని నెట్టుచున్నది, మనము లాగుకొనుచున్నాము. కండరము సడలగానే సాగిన ఊపిరితిత్తులు ముడుచుకొని గాలి వెలికి పోవును. ఊరక కూర్చున్నప్పుడు ఈ గిన్నె దిగునది ఒకటి రెండు సెంటీమీటర్లే. ఆ కొలదిపాటి కదలికతోనే పెద్దవారికి ఒక్కొక్క ఊపిరికి సుమారు 500 మిల్లీలీటర్ల గాలి లోనికి చేరును. దినమునకు ఇట్టి ఊపిరులు ఇంచుమించు 20,000. ఊపిరి పీల్చినప్పుడు కడుపు పొంగుట గాలి అందులోనికి పోవుటచేత గాదు. దిగివచ్చిన కండరము జీర్ణాశయము మొదలగువానిని ముందుకు త్రోయుటచేత.

దీనిని తరగతిలో చూపుట సులభము. రెండువైపుల తెఱచియున్న దీపపు చిమ్నీ పైమూతికి బిరడా బిగించి, దానిగుండ ఒక గొట్టమును దింపి, గొట్టము చివర రబ్బరుబుడగను కట్టవలెను. క్రిందిమూతికి రబ్బరుపొరను బిగించి లాగినచో బుడగ ఉబ్బును; విడిచినచో ముడుచుకొనును. అయితే గాజు కదలదు, మన ప్రక్కటెముకలు కదలును. ఈ భేదమును ఉపాధ్యాయులు చెప్పక మానరాదు.

ఇక మా ఫిర్యాదు. వ్యాయామపు వేళ "ఱొమ్ము ముందుకు, పొట్ట లోనికి" అను ఆజ్ఞను మనమందఱము విన్నవారమే. నిటారుగా నిలుచుట మంచిదే. దానిని మేము కాదనము. కాని ఆ భంగిమనే ఊపిరి పాఠమని తలచుట పొరపాటు. పొట్టను బిగబట్టినచో ఉదరవితానము స్వేచ్ఛగా దిగజాలదు. ఊపిరి ఱొమ్ము పైభాగముననే నిలిచిపోవును. వార్షికోత్సవ నాటకమున పద్యము నందుకొన్న బాలుడు రాగము ముగియకముందే ఒగర్చుటకు ఇదియు నొక కారణము. నేర్చిన గాయకుడు కడుపు కదలునట్లు నిండుగా పీల్చి, గిన్నెను ఒక్కమారుగా విడువక మెల్లమెల్లగా పైకి పోనిచ్చును. అట్లని కడుపుతో ఊపిరి తీసిన సర్వరోగములు మానునని చెప్పువారి మాటలును నమ్మదగవు. ఉబ్బసము గలవాడు వైద్యుని యొద్దకే పోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది నీటి మాట. తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు ఏలూరు కాలువలోగాని, ఊరి చెఱువులోగాని "ఎవరెక్కువసేపు మునిగియుందురో చూతము" అని పిల్లలు పందెము వేసికొందురు. మునుగుటకు ముందు గబగబ పెక్కు ఊపిరులు తీయుదురు. అందువలన ప్రాణవాయువు అంతగా పెరుగదు; బొగ్గుపులుసు వాయువు మాత్రము తగ్గిపోవును. "ఊపిరి తీయు" మని మెదడునకు ముఖ్యముగా హెచ్చరిక చేయునది ఆ బొగ్గుపులుసు వాయువే. హెచ్చరిక ఆలస్యమై, ప్రాణవాయువు అడుగంటి, ఈతగాడు నీటిలోనే స్మృతి తప్పును. తరువాత ఉదరవితానము మన యనుమతి లేకయే బిగియును. అప్పుడు లోనికి వచ్చునది గాలి గాదు, నీరు. బాగుగ ఈత వచ్చినవాడును ఇట్లు పోగలడు.

మఱియొక యపాయము కలదు. ఉదరవితానమును నడపు నాడులు మెడలోని మూడవ, నాలుగవ, ఐదవ నాడీమూలములనుండి పుట్టి ఱొమ్ముగుండ దిగివచ్చును. లోతు తెలియని నీటిలోనికి తలక్రిందుగా దూకి మెడ విరుగగొట్టుకొన్నవాని కాలుసేతులే గాక ఊపిరియు నిలిచిపోవచ్చును.

కావున మేము కోరునవి మూడు. ఈ పాఠము చెప్పునాడు ప్రతి విద్యార్థియు ఒక చేయి ఱొమ్ముపైనను, ఒక చేయి కడుపుపైనను ఉంచుకొని తన ఊపిరిని తానే గమనించవలెను. వ్యాయామోపాధ్యాయులు నిలుచుటను వేఱుగను, ఊపిరి తీయుటను వేఱుగను నేర్పవలెను. వేసవి సెలవులు ఇచ్చుటకు ముందు నీటి పందెముల సంగతియు, తలక్రిందుగా దూకుట సంగతియు తరగతి తరగతికి చెప్పవలెను. తలిదండ్రులు ఇంటివద్ద మరల చెప్పవలెను. వీనికి రూకలు అక్కఱలేదు. ఒక గంట కాలము చాలును. పరీక్షలో ఉదరవితానపు పటమును తప్పుగా గీసినవాడు మఱుసటి యేడు దిద్దుకొనగలడు. కాలువలో తప్పినవానికి ఆ యవకాశము లేదు.