సున్నాకు విలువ లేదా?



మనవాళ్లకు లెక్కలు రావనే మాట మనమంతా విన్నదే. మేము ఒప్పుకోము. స్టడీ అవర్‌లో ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్ల పక్కన కూర్చుని చూశాకే ఈ మాట అంటున్నాం. 0.3, 0.25లలో ఏది పెద్దదని అడిగితే చాలామంది 0.25 అంటారు. ఎందుకురా అంటే 'మూడు కంటే ఇరవై ఐదు పెద్దది కదన్నా' అంటారు. తప్పు వాళ్లది కాదు. 'సున్నా పాయింట్ ఇరవై ఐదు' అని చదవడం నేర్పింది పెద్దవాళ్లమే. 'పాయింట్ రెండు ఐదు' అని విడివిడిగా చదివించాలి. మొదటి అంకె పదో వంతులు, రెండోది నూరో వంతులు. 0.3 అంటే నూరో వంతులు 30.

మా సంగతే చెబుతాం. ఎనిమిదో తరగతి సంక్రాంతి సెలవుల్లో మా నాయన పత్తి అమ్మాడు. ఇంటి దగ్గర తూచితే మూడు క్వింటాళ్ల యాభై కిలోలు. వ్యాపారి చీటీ మీద 3.05 అని రాశాడు. పొరపాటో, కావాలనో తెలియదు. చదువు రాని నాయన చీటీ మా చేతికిచ్చి 'సరిగ్గా ఉందా బిడ్డా' అని అడిగాడు. పాయింట్ తర్వాత సున్నాకు విలువ లేదని బడిలో విన్నదే గుర్తుంది. సరిగ్గానే ఉందన్నాం.

సున్నా చివర ఉంటేనే ఆ మాట నిజం, 3.5, 3.50 ఒకటే. పాయింట్‌కూ అంకెకూ మధ్య కూర్చుంటే అది ఐదును నూరో వంతుల్లోకి నెట్టేస్తుంది. క్వింటాలులో పదో వంతు 10 కిలోలు, నూరో వంతు ఒక్క కిలో. 45 కిలోల పత్తి అలా పోయింది. డిగ్రీలో ఉండగా పాత కాగితాలు తిరగేస్తుంటే ఈ సంగతి తెలిసింది. నాయనకు ఇప్పటికీ చెప్పలేదు.

రూపాయికి పదహారణాలని లెక్కపెట్టిన మన తాతలు 1957లో నూరు పైసల లెక్కకు మారారు. వాళ్లలో బడి ముఖం చూసినవాళ్లెందరు? చేతిలో నాణెం ఉంది, నేర్చుకున్నారు. మన తమ్ముళ్లూ పావుకిలో, అరకిలో అంటూ కొట్టుకెళ్లి తెచ్చినవాళ్లే. కాంటా మీద అదే పావుకిలో 0.250 అని కనబడుతుందని ఒక్కసారి చూపిస్తే చాలు. 'పాయింట్ ఇటు జరుపు, అటు జరుపు' అనే సూత్రం తర్వాత చెప్పుకోవచ్చు. (క్రికెట్ స్కోరుతో మాత్రం నేర్పకండి. అక్కడ 4.3 ఓవర్లంటేనే నాలుగున్నర!)

పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఈ వార్షికోత్సవానికి శాలువాలు, జ్ఞాపికలు మానేసి ఒక ఎలక్ట్రానిక్ కాంటా, రెండు మీటరు టేపులు కొనివ్వండి. ఆదివారం సాయంత్రాలు మేము వస్తాం. ఆ 3.05 చీటీ కూడా తెస్తాం.