నలుగురు మొనగాళ్ల ఒక్క వేసవి

మా ఉక్కునగరంలో ఓ వినాయక చవితికి జరిగిన ముచ్చట ఇది. వేర్వేరు సెక్టార్ల ఆర్కెస్ట్రాల నుంచి మంచి కీబోర్డు, మంచి గిటారు, మంచి తబలా, మంచి గొంతు ఏరి ఒక్క జట్టు కట్టారు. ఇక చూస్కోండి అన్నారు. చూశాం. ఒకరిది ఏ షిఫ్టు, ఇంకొకరిది సి షిఫ్టు. నలుగురూ కలిసి ప్రాక్టీసు చేసింది రెండంటే రెండుసార్లు. స్టేజీ ఎక్కాక జనమేమో ఎవరి పాత పాట వాళ్లని అడిగారు. నిమజ్జనం నాటికి జట్టు లేదు.

వాళ్లనేం అంటాం? ఇంగ్లండులో అంతకన్నా ఘనులకే కుదరలేదు. అప్పుడే విడిపోయిన 'క్రీమ్' నుంచి గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, డ్రమ్మర్ జింజర్ బేకర్, 'ట్రాఫిక్' గాయకుడు స్టీవ్ విన్‌వుడ్, 'ఫ్యామిలీ' నుంచి రిక్ గ్రెచ్ కలిసి 'బ్లైండ్ ఫెయిత్' పెట్టారు. గుడ్డి నమ్మకమని అర్థం. పేరులోనే ఉంది చూడండి! 1969 జూన్ 7న లండన్ హైడ్ పార్కులో తొలి కచేరీ. టికెట్ లేదు. సుమారు లక్షమంది వచ్చారు.

జూలైలో అమెరికా వెళ్లారు. రికార్డులో ఉన్నవి ఆరే పాటలు. వాటితో పూట గడిచేదెలా? జనం క్రీమ్ పాటలు కావాలని కేకలు. చివరికి అవే వాయించారు. చప్పట్లు మోగాయి. క్లాప్టన్ మనసు మాత్రం విరిగింది. తమకన్నా ముందు పాడే చిన్న బృందం డిలానీ అండ్ బానీతోనే ఎక్కువగా తిరిగేవాడు. ఆగస్టు 24న హవాయిలో చివరి కచేరీ. రికార్డు అమెరికా, బ్రిటన్‌లలో మొదటి స్థానానికి చేరేసరికి వినిపించడానికి జట్టే లేదు.

మన రాజ్-కోటి ఎలా నెగ్గుకొచ్చారంటారా? ఒకరు టి.వి.రాజు గారబ్బాయి, ఇంకొకరు మన సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. పేరున్నది తండ్రులకే. వీళ్లు 1983లో 'ప్రళయ గర్జన'తో కలిసే మొదలుపెట్టారు. పాత పాట అడిగినా అది ఇద్దరిదే. అందుకే 'హలో బ్రదర్' దాకా పదేళ్లు దాటి సాగింది. అయినా విడిపోయారు. రాజ్ 2023లో కన్నుమూశారు.

క్లాప్టన్, విన్‌వుడ్ 2008లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు మళ్లీ కలిసి వాయించారు. మా గిటారాయన, తబలాయన మాత్రం కూరగాయల మార్కెట్లో ఎదురుపడితే పిల్లల చదువులు, ఓవర్‌టైము, వంకాయల ధర అన్నీ మాట్లాడుకుంటారు. ఆ చవితి మాట ఎత్తరు.