రెండెకరముల కోరిక

సూరత్ నగరమందలి లింబాయత్ పేటలో తెలుగు మాట నేటికిని వినవచ్చును. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుండి మరమగ్గములపై బ్రతుకుటకై వచ్చిన పద్మశాలి కుటుంబములు అచ్చట తరతరములుగా ఉన్నవి. పన్నెండు గంటల షిఫ్టు ముగించి వచ్చిన కార్మికునితో మాటాడినచో, సంభాషణ ఊరిలో మిగిలిన రెండెకరముల వద్దకే చేరును. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్ వైపు సాగునపుడు కిటికీ వద్ద కూర్చున్నవాని ముఖము చూచిన మన టిక్కెట్ తనిఖీ సోదరులకు ఇది తెలియనిది కాదు.

మేము ఈ కోరికను ఎగతాళి చేయము. మాలోను పలువురికి అదే కోరిక: రిటైరైన పిమ్మట ఒక పాడిగేదె, నాలుగు మళ్ళు, వేపచెట్టు నీడ! అయితే నిజము చెప్పుకొనవలెను. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశమందలి కమతములలో నూటికి 86 రెండు హెక్టారులకు లోపువే. సగటు కమతము 1.08 హెక్టారు. బోరు ఎండిన ఏట అట్టి రైతును నిలిపినదేది? సూరత్ నుండి వచ్చిన మనియార్డరు. ఆ సొమ్మును గడప వద్ద లెక్కించి ఇచ్చిన పోస్ట్‌మాన్ సోదరులే సాక్షులు. భూమి కార్మికుని పోషించలేదు. కార్మికుడే భూమిని పోషించెను.

మన పల్లె కలను నిలుపునది కూడ పొలము కాదు, పెన్షన్. 2004 జనవరి 1 నుండి చేరిన సోదరులకు ఆ భరోసా మార్కెట్టు పాలైనది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఏకీకృత పథకము సైతము జీతములో నూటికి పది కోతను అట్లే ఉంచినది. మరమగ్గపు కార్మికులలో అనేకులకు ప్రావిడెంట్ ఫండ్ అయినను లేదు.

పల్లెకు మరలుదమను మిత్రులు పంటకు గిట్టుబాటు ధరను, వృద్ధాప్యమునకు నికరమైన పెన్షన్‌ను ఒకే తీర్మానమున కోరవలెనని మా అభిప్రాయము. సూరత్ మగ్గపు కార్మికులు సభకు పిలిచినపుడు మన రైల్వే, తపాలా యూనియన్లు ఆ తీర్మానముతోనే పోవలెను.